సారా పాట బంద్

"ఆ కేసెట్ నాకు కావాలె."

సోమవారం పొద్దున్నుంచి ఆ మాట అడగడం ఇది నాలుగోసారి. తాహెరా తల ఎత్తలేదు. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది, దాని కింద తెగిన మైకు వైరు ఉంది. ఆమె ఓపిక ఆ వైరుకన్నా ముందే తెగింది.

"ఏ కేసెట్?"

"శనివారం ప్రోగ్రాంది. బషీర్ పాడింది."

"పొద్దున పేపర్ విలేకరి అడిగిండు, ఇయ్యలె. అభిమాన సంఘం వాళ్లు అడిగిన్రు, ఇయ్యలె. సారా కాంట్రాక్టర్ గుమస్తా అడిగిండు, ఆయనకూ ఇయ్యలె. మీకెందుకు ఇయ్యాలె?"

"ఎందుకంటే ఆ బషీర్‌ను నేనే."

అప్పుడు తల ఎత్తింది. బయట వాన దంచుతోంది. గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నుదుటి మీది ఉంగరాల జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. అంత మబ్బులోనూ కళ్లకు నల్లద్దాలున్నాయి.

"ఆ అద్దాలెందుకు?"

"జనం గుర్తుపడతరని."

"బస్సు దిగి బజారంత నడిచొచ్చిన్రు గదా. ఎవరన్న గుర్తుపట్టిన్రా?"

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. "లే," అన్నాడు, కాస్త బాధగానే.

"మరి తీసెయ్యండి. ముందు ఆ కాలు తియ్యండి. వైరు తొక్కుతున్నరు."

జూలూరుపాడు సెంటర్‌లో జానీ మియా సౌండ్ సర్వీస్ అంటే తెలియని వాళ్లు లేరు. పెళ్లయినా, ఉర్సయినా, పార్టీ మీటింగయినా మైకు వాళ్లదే. జానీ మియా మోకాళ్లు మొరాయించినప్పటి నుంచి షాపు కూతురు తాహెరా నడుపుతోంది. ప్రోగ్రాం ఏదైనా ఆంప్లిఫైయర్ పక్కన టేప్‌రికార్డర్ పెట్టి రికార్డు చేయడం ఆమె అలవాటు. ఆ అలవాటే ఇప్పుడు ఆమె నెత్తి మీదికి వచ్చింది.

బషీర్ ఖమ్మం కుర్రాడు. రెండేళ్ల కింద అతను పాడిన ఒక్క పాట అతన్ని ఎక్కడికో తీసుకుపోయింది. 'ఇంకొక్క గలాసు, ఇల్లెటు పోతది' అని మొదలయ్యే ఆ పాటకు ఏదో పేరుండేది గానీ, జనం మాత్రం దాన్ని 'సారా పాట' అనేవారు. హోటళ్లలో అదే, ట్రాక్టర్లలో అదే, పెళ్లి బరాతుల్లో అదే. అతను ఏ ఊళ్లో స్టేజీ ఎక్కినా నాలుగుసార్లు దాన్నే పాడించుకునేవారు.

చిక్కంతా ఎక్కడ వచ్చిందంటే, సర్కారు ఏటా సారా దుకాణాలకు వేసే వేలాన్ని కూడా జనం సారా పాటే అంటారు. అది తొంభై రెండు సెప్టెంబరు. సారా వద్దని ఊరూరా ఆడవాళ్లు రోడ్డెక్కుతున్న రోజులు. వచ్చే శుక్రవారమే కొత్తగూడెంలో వేలం ఉంది. అలాంటి సమయంలో, శనివారం స్కూలు గ్రౌండ్‌లో, నాలుగోసారి 'వన్స్ మోర్' అని అరిచిన జనం మీద బషీర్‌కు చిర్రెత్తుకొచ్చింది.

"సారా పాట ఇగ బంద్ చెయ్యాలె! ఎన్నిసార్లు? ముందట ఆడోళ్లు, పిల్లలు కూసున్నరు. సిగ్గనిపిస్తలేదా?" అని మైకులో అరిచాడు.

ఆదివారం పేపర్లో జిల్లా పేజీ నిండా అదే. 'సారా పాట బంద్ చేయాలి: గాయకుడు బషీర్ గర్జన.'

ఒక పార్టీ నాయకుడు స్వాగతించాడు. ఇంకో పార్టీ నాయకుడు పాటలు పాడుకునేవాళ్లకు రాజకీయాలెందుకని ఖండించాడు. హైదరాబాద్ కేసెట్ కంపెనీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

"నేనన్నది నా పాట గురించి!" బషీర్ ఇప్పుడు తాహెరా ముందు రెండు చేతులూ ఊపుతూ అంటున్నాడు. "వేలం గురించి నాకేం తెలుసు? ఆ కేసెట్ వింటే అందరికీ అర్థమైతది. ఒక్కసారి పెట్టి చూడండి మేడమ్."

తాహెరా కేసెట్ పెట్టింది. గుయ్‌మనే జనం గోల, ఈలలు, ఆ తర్వాత అతని అరుపు.

"విన్నరా? విసుగు! వట్టి విసుగు! పేపరోడు దాన్ని గర్జన చేసిండు."

"అవ్, విసుగే." ఆమె కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. "ఇగ మీరు ఇది వినండి."

అతని అరుపు ఆగగానే చప్పట్లు. ఈలల్లేని, గాజుల చప్పుడు కలిసిన చప్పట్లు.

"అవి ఆడోళ్లవి. అప్పటిదాంక మీ ఒక్క పాటకు గూడ వాళ్లు చప్పట్లు కొట్టలె. మిషన్ కాడ ఉన్న, నాకు తెలుసు."

బషీర్ మెల్లగా అన్నాడు. "అది వాళ్ల పొరపాటు. నేనేం జేస్త?"

తాహెరా టక్కున టేప్ ఆపేసింది. ఈ మనిషి గొంతు మీద ఆమెకు ఏడాదిగా కాస్త అభిమానం ఉండేది. అది ఇంత సన్నాసి గొంతు అని తెలియక.

"కేసెట్ ఇయ్య. నోరు మీది, కేసెట్ మాది."

అతను ఏదో అనబోయేలోపు షాపు ముందు జీపు ఆగింది. దాన్ని చూడగానే బషీర్ ముఖం తెల్లబోయింది. "బసవపున్నయ్య గారు! రెండ్రోజుల సంది ఆయనకు దొరకకుండ తిరుగుతున్న," అని గుసగుసలాడి, మనిషెత్తు స్పీకర్ బాక్సు వెనక్కి దూరిపోయాడు.

గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చిన బసవపున్నయ్య సారా కాంట్రాక్టర్. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు.

"ఏవమ్మా తాహెరా, మీ నాన్న ఉన్నాడా?"

జానీ మియా లోపలి గదిలోంచి కుంటుకుంటూ వచ్చి సలాం చేశాడు. ఉన్న ఒక్క కుర్చీలో బసవపున్నయ్య కూర్చున్నాడు.

"ఆ కుర్రాడన్నది వాడి పాట గురించేనంట కదా. శుక్రవారం వేలం దగ్గర ఆడాళ్లు కూర్చుంటారంట. పాపం, వాళ్లనెందుకు వానలో తడపడం? ఆ కేసెట్ ఒక్కసారి మైకులో వినిపిస్తే నవ్వుకుంటూ ఇళ్లకి పోతారు. మైకు కూడా మీదే పెట్టండి. దమ్మపేట, సారపాక, భద్రాచలం, ఈ ఏడాది నేను పెట్టే ప్రోగ్రాములన్నీ మీకే."

జానీ మియా కూతురి వైపు చూశాడు. తాహెరా సమాధానం చెప్పేలోపు వానలోంచి ఇద్దరు ఆడవాళ్లు పరుగున లోపలికొచ్చారు. నెత్తిన గోనెసంచులు మడిచి కప్పుకున్నారు. పెద్దామె సక్రి, చిన్నామె జమ్లి. అడవి అంచున ఉన్న తండా వాళ్లు.

"బిడ్డా, గురువారం మా తండల మీటింగున్నది. మైకు కిరాయికి గావాలె," అంది సక్రి. కుర్చీలో ఉన్నది ఎవరో చూసి కూడా వెనక్కి తగ్గలేదు. కొంగులోంచి ప్లాస్టిక్ కవర్ తీసింది. అందులో మడతపెట్టిన పేపరు. "బషీరన్న చెప్పిండు గదా, పాట బంద్ గావాలెనని. మా మొగోళ్లు మా మాట ఇనరు. ఆయన మాట ఇంటరు. పొద్దున లేస్తే ఆయన పాటనే గదా వాళ్లకు."

జమ్లి చూపు నేల మీద ఉంది. "అక్కా, ఆ డబ్బ కింద బూట్లెవరివే?"

తాహెరా కళ్లు మూసుకుని లోపలే పది లెక్కపెట్టుకుంది.

బషీర్ దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు. "నమస్తే," అన్నాడు అందరికీ కలిపి.

"ఇక్కడే ఉన్నావా నాయనా!" బసవపున్నయ్య నవ్వాడు. "మంచిదే అయింది. నీ నోటితోనే చెప్పు. నువ్వన్నది నీ పాట గురించా, వేలం గురించా?"

సక్రి కళ్లింత చేసుకుని చూస్తోంది. జమ్లి పేపర్లో ఫోటోనూ ఎదురుగా ఉన్న ముఖాన్నీ పోల్చుకుంటోంది. వాన తగ్గితే ఎవరైనా వెళ్లిపోయేవాళ్లు. కానీ అది ఇంకా పెద్దదైంది.

బషీర్ గొంతు పట్టుకున్నాడు. "గొంతు బాగలేదండీ. డాక్టర్ మాట్లాడొద్దన్నడు."

"ఇప్పుడేగా నమస్తే అన్నావ్?"

"అదే ఆఖరిది."

"అయ్యో పాపం," అంది సక్రి నిజంగానే జాలిపడి. "మిరియాలేసి పాలు తాగు బిడ్డా. గురువారానికి తగ్గుతది. మీటింగుకు రావాలె మరి."

వాన వెలిసి, జీపు వెళ్లి, ఆడవాళ్లూ వెళ్లాక తాహెరా చేతిలోని స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద విసిరికొట్టింది.

"స్టేజి మీద అంత గొంతు! గీడ నలుగురి ముందట ఒక్క మాట రాలేదా?"

"ఏం చెప్పాలె? అటు చెప్తే ఆయన తంతడు, ఇటు చెప్తే వాళ్లు ఏడుస్తరు."

"అందుకని అబద్ధాల డాక్టరా?" ఆమె వేలు చూపించింది. "వినండి. గురువారం తండకు వచ్చి, ఆ ఆడోళ్లకు మీ నోటితోనే నిజం చెప్పండి. నేనన్నది నా పాట గురించి, మీ గురించి కాదు అని చెప్పండి. అప్పుడు కేసెట్ మీకే ఇస్త. ఊరంతా వినిపించుకోండి."

"నిజంగ ఇస్తవా?"

"మా మాట మారదు. అది గాయకుల పని."

అతను వెళ్లాక జానీ మియా నెమ్మదిగా అన్నాడు. "బేటీ, మనం మైకోళ్లం. ఎవరి మాటైన పెద్దగ చెయ్యడం మన పని. మంచిచెడ్డలు మనకెందుకు?"

"మైకుకు మెదడు లేదు అబ్బా. నాకుంది, ఏం చెయ్యమంటవ్?"

*

గురువారం పొద్దున సామాను తీసుకుపోవడానికి సక్రి మొగుడు హాతీరాం, తాను డ్రైవరుగా నడిపే ఆసామి ట్రాక్టర్ తెచ్చాడు. ట్రాలీలో ఆంప్లిఫైయర్, బ్యాటరీ, రెండు హారన్లు. వాటి మధ్య తాహెరా. బషీర్ రాడనే ఆమె అనుకుంది. ఇంజన్ స్టార్టయ్యాక బస్టాండు వైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి ట్రాలీ ఎక్కాడు. నల్లద్దాలు లేవు.

"అన్నా! నువ్వేనా!" హాతీరాం పట్టలేని సంతోషంతో వెనక్కి తిరిగాడు. "నీ పాట లేంది నాకు ముద్ద దిగదు అన్నా! చుక్క గూడ దిగదు!"

"రోడ్డు చూడన్నా," అంది తాహెరా.

హాతీరాం దారి పొడుగునా ఆ పాటే పాడాడు. టేకు చెట్ల మధ్య ఎర్రమట్టి బాట. గుంతలో పడ్డప్పుడల్లా పాట ఎగిరిపడి మళ్లీ మొదటికొచ్చేది. మూడోసారి 'ఇల్లెటు పోతది' వచ్చేసరికి బషీర్ రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఏందీ, మీ పాట మీకే విసుగొస్తుందా?"

"రెండేండ్ల సంది వస్తుంది. ఎవరికి చెప్పాలె? ఎవరూ ఇంకో పాట పాడనియ్యరు."

అంతలో వాన అందుకుంది. తాహెరా చటుక్కున టార్పాలిన్ లాగింది. అది సగానికే వచ్చింది.

"పట్టుకోండి ఆ కొస! గట్టిగ!"

"నేను తడుస్తున్న గదా!"

"మీరు తడిస్తే ఆరుతరు. ఆంప్లిఫైయర్ తడిస్తే కాలిపోతది."

అతను కొస పట్టుకుని ఆంప్లిఫైయర్ మీదికి వంగి నిలబడ్డాడు. అవతలి కొస ఆమె పట్టుకుంది. నీళ్లు ఇద్దరి కనురెప్పల మీంచి కారుతున్నాయి. మధ్యలో ఆంప్లిఫైయర్ ఒక్కటే హాయిగా పొడిగా ఉంది. ఎందుకో ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. తాహెరా ముందుగా తేరుకుని ముఖం ముడుచుకుంది, తన మీద తనకే చిరాకేసి.

తండాలో ఆడవాళ్లంతా అప్పటికే చేరారు. హారన్లు వేపచెట్టుకు కట్టిస్తుంటే సక్రి వచ్చి బషీర్ చేయి పట్టుకుంది.

"జర నా ఇంటికి రా బిడ్డా. నీకొకటి సూపియ్యాలె."

గుడిసెలాంటి ఇల్లు. గుమ్మానికి తలుపు లేదు. పాత చీర ఒకటి వేలాడుతోంది. వాన జల్లుకు తడిసి అది గడపకు అంటుకుపోయింది.

"ఇల్లెటు పోతదని పాటల అడిగినవ్ గదా," అంది సక్రి. ఆమె గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. "ముందు గిన్నెలు పోయినయ్. తర్వాత మేక పోయింది. పోయిన చలికాలం తలుపు ఊడదీసి సారా దుకాణంల ఇచ్చిండు. గిట్లనే పోతది బిడ్డా, ఇల్లు. ఒక్కసారే పోదు. నీ పాట ఇనబడ్డదంటే ఆయన తాగొస్తున్నడని నాకు గుండెల దడ. నువ్వు పాట బంద్ అన్నవని జమ్లి పేపరు చదివి చెప్పిన దినం, మొదటిసారి నీ పేరు ఇంటే దడ రాలె."

ట్రాక్టర్ దగ్గర నిలబడ్డ హాతీరాం ఇటు చూసి, గుమ్మం చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

బషీర్ గడపకు అంటుకున్న ఆ తడిచీర అంచును మెల్లగా విడదీశాడు.

తర్వాత వెళ్లి మైకు ముందు నిలబడ్డాడు. తాహెరా ఆంప్లిఫైయర్ ముందు కూర్చుని మీటరు ముళ్లు చూస్తున్నట్టు తల వంచుకుంది.

"నమస్తే. నేను బషీర్‌ను. శనివారం నేను సారా వేలం గురించి అనలేదు. నా పాట గురించి అన్న. నాలుగుసార్లు పాడి విసుగొచ్చి అన్న. పేపర్ల వచ్చింది తప్పు."

జమ్లి ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఎవరో ఆడమనిషి లేచి వెళ్లిపోబోయింది. నిజం చెప్పమన్నది తాహెరానే. నిజం ఇంత బరువుంటుందని అనుకోలేదు.

"అది శనివారం మాట," బషీర్ మళ్లీ అన్నాడు. "ఇయ్యాల గురువారం. ఇల్లెటు పోతదని రెండేండ్ల సంది ఊరూరు తిరిగి అడుగుతున్న. ఇయ్యాల సక్రక్క చూపించింది. అందుకే ఇప్పుడు చెప్తున్న, ఈసారి తప్పుగ రాసే పని లేదు. సారా వేలం బంద్ చెయ్యాలె. నా సారా పాట గూడ బంద్. ఇగ ఏ స్టేజి మీద పాడ."

"పాటెందుకన్నా బంద్!" వెనకనుంచి హాతీరాం లబలబలాడాడు. "పాట మంచిగుంటది!"

సక్రి ఒక్క చూపు చూసింది. హాతీరాం కూర్చున్నాడు. అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు.

తిరిగొస్తుంటే వాన లేదు. బషీర్ చేయి చాచాడు. "కేసెట్?"

తాహెరా ఇచ్చింది. దాని మీద 'బషీర్, స్కూల్ గ్రౌండ్' అన్న అక్షరాలు కొట్టేసి ఉన్నాయి. కింద 'తండా మీటింగ్' అని రాసి ఉంది.

"ఇదేంది?"

"ఖాళీ కేసెట్ లేకుండె. ఇయ్యాల మాటలు దాని మీదనే రికార్డ్ చేసిన."

"అంటే... శనివారం మాట?"

"పోయింది."

"నన్ను ముంచినవ్!"

"మీరే మునిగిన్రు. నేను రికార్డ్ చేసిన."

అతను కేసెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. ట్రాక్టర్ చప్పుడుకు మించిన నవ్వు.

*

శుక్రవారం కొత్తగూడెంలో ఆడవాళ్లు వానలోనే కూర్చున్నారు. వాళ్ల మధ్య బషీర్ కూడా కూర్చున్నాడు. ఆ రోజు వేలం వాయిదా పడింది. మర్నాటి పేపర్లో మాత్రం 'పూటకో మాట మార్చిన బషీర్' అని వచ్చింది.

ఆ తర్వాత జరిగినవన్నీ తాహెరాకు ఒళ్లు మండించేవే. కేసెట్ కంపెనీ అతనికి చెప్పిన కొత్త కేసెట్ ఆపేసింది. సారపాక, భద్రాచలంలో అతను పాడాల్సిన ప్రోగ్రాములు పోయాయి. బసవపున్నయ్య గారి మైకు పని వేరే ఊరి సౌండ్ సర్వీస్‌కు పోయింది. అభిమాన సంఘం రెండుగా చీలి ఒకటి 'బషీర్ అభిమాన సంఘం', రెండోది 'అసలైన బషీర్ అభిమాన సంఘం' అయి, రెండూ ఆమె షాపుకే వచ్చి కొట్లాడుకున్నాయి. వీటన్నిటికీ తోడు, బషీర్ వారానికి రెండుసార్లు ఖమ్మం బస్సు దిగేవాడు.

"మైకు గావాలె."

"మీకు ప్రోగ్రాములే లేవు గదా. మైకెందుకు?"

"ప్రాక్టీసుకు. తండాలల్ల ఆడోళ్లతోటి పాటలు కడుతున్న."

"ఖమ్మంల మైకులు లేవా?"

"ఉన్నయ్. అవి తిట్టవు."

జానీ మియా లోపలి గదిలోంచి దగ్గేవాడు. నెలలు గడిచాయి, ఏడాది గడిచింది. ఈ ఇద్దరూ మైకు తీసుకుపోవడం, తిరిగివ్వడం, గీతలు పడ్డాయని కొట్లాడుకోవడం తప్ప ఒక్క అడుగు ముందుకెయ్యరేమని ఆయన నమాజులో కూడా విసుక్కునేవాడు. ఈలోగా తాహెరా 'మీరు' మానేసి 'నువ్వు' అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు.

మరుసటి సెప్టెంబరు చివర్లో బషీర్ పది రోజులు రాలేదు. ఐదో రోజు నుంచి తాహెరా ఖమ్మం బస్సు హారన్ విన్నప్పుడల్లా లేచి గుమ్మం దాకా వెళ్లి, వైరు ఎండలో పెట్టడానికి వచ్చినట్టు నటించేది. ఎండ లేదు. పదకొండో రోజు అతను మోకాళ్ల దాకా బురదతో ఊడిపడ్డాడు.

"భద్రాచలం అవతల తండాలల్ల పాటలు పాడనీకి పోయిన. వాగులు పొంగి బస్సులు బందైనయ్. తెలుసా, అక్టోబరు ఒకటి సంది సారా బంద్ అట! మొత్తం రాష్ట్రంల!"

"చెప్పి పోవద్దా?" తాహెరా గొంతు బజారు దాకా వినిపించింది.

"ఎవరికి చెప్పాలె?"

"కిరాయికి తీసుకపోయినోడు చెప్పాలె! పది రోజులు మైకు ఏమైందో తెల్వకపాయె."

"మైకు గురించేనా?"

"మైకు గురించే!"

"నేను మాత్రం ఏడాది సంది మైకు గురించి వస్తలేను," అన్నాడు బషీర్. "తాహెరా, ఎవరూ తప్పుగ అర్థం చేసుకోకుండ సాఫ్‌గ చెప్తున్న. నాకు నువ్వంటే ఇష్టం. నిన్నే నిఖా చేసుకుంట."

సోల్డరింగ్ ఐరన్ బల్లను కాల్చి పొగ లేపింది. తాహెరా చూడలేదు.

"ఏడాది పట్టిందా ఆ ఒక్క మాటకు?" అంది చివరికి. కోపంగా అనాలనుకుంది గానీ రాలేదు. "మీ అమ్మతో చెప్పినవా?"

బషీర్ ముఖం వాడిపోయింది. "అదే కష్టం. అమ్మ నాతోటి మాట్లాడదు. సారా పాట కేసెట్ వచ్చిన దినం సంది ఒక్క మాట లేదు. ముందట అన్నం పెడతది, మాట్లాడదు. పాట మానేసి ఏడాదైనా మాట్లాడదు. ఒట్టు పెట్టుకున్నదట."

*

అయినా బషీర్ తల్లి హాజిరా బేగం వచ్చింది. కొడుకు చెబితే కాదు. ఖమ్మంలో ఎవరో జూలూరుపాడు మైకు అమ్మాయి సంగతి చెవిన వేస్తే, శుక్రవారం మధ్యాహ్నం చేతిలో టిఫిన్ క్యారియర్‌తో బస్సు దిగింది. బురఖా ముసుగు వెనక్కి వేసుకుని, షాపులో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది. బషీర్ స్పీకర్ బాక్సు పక్కన నేరస్థుడిలా నిలబడ్డాడు. జానీ మియా చాయ్ తెప్పించి, తలుపు పక్కన ఒదిగాడు.

హాజిరా షాపంతా కలియజూసి, తాహెరా వైపు తిరిగింది.

"బేటీ, ఆయనకు చెప్పు. పొద్దున తినకుండ వచ్చిండు. డబ్బల ఖిచిడీ ఉన్నది."

తాహెరా రెండడుగుల దూరంలో ఉన్న బషీర్ వైపు చూసింది. అతను కొంచెం తల ఊపాడు, ఇది మామూలే అన్నట్టు.

"డబ్బల ఖిచిడీ ఉన్నదట," అంది తాహెరా.

"తర్వాత తింటనని చెప్పు," అన్నాడు బషీర్.

"తర్వాత తింటడట అమ్మీ."

"తర్వాతంటే ఎప్పుడని అడుగు. ఇప్పటికే కడ్డీ లెక్క అయిండు."

"ఎప్పుడని..." తాహెరా ఆగి గట్టిగా ఊపిరి తీసుకుంది. రెండు మాటలకే ఆమెకు తల తిరుగుతోంది. వీళ్లింట్లో మూడేళ్లుగా ఈ మధ్యవర్తి పని ఎవరు చేశారో పాపం.

హాజిరా చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఆమె కళ్లలో సన్నగా నవ్వు మెరిసింది. "సరే బేటీ, ఇంకొక్క మాట చెప్పు. ఈ పిల్ల నాకు నచ్చింది. దీన్ని నా ఇంటికి కోడల్ని చేసుకుంట. ఆయనకు ఇష్టమేనా అని అడుగు."

తాహెరా చెవులు ఎర్రబడ్డాయి. జానీ మియా దగ్గు మొదలుపెట్టాడు, ఈసారి నిజంగానే పొలమారింది.

"అడుగు బేటీ, సిగ్గెందుకు?"

"ఈ పిల్ల... మీ అమ్మకు నచ్చిందట," అంది తాహెరా గోడ వైపు చూస్తూ. "నీకు ఇష్టమేనా అంటున్నది."

"నాకు ఎప్పటి సందో ఇష్టమని చెప్పు," అన్నాడు బషీర్. "పిల్లకు ఇష్టమో కాదో అమ్మను అడగమను."

హాజిరా ఆమె వైపు చూసింది. బషీర్ చూశాడు. తలుపు పక్కనుంచి అబ్బా చూశాడు. బజారులో చాయ్ హోటలు వాళ్లు కూడా పని మానేసి చూస్తున్నట్టు ఆమెకు అనిపించింది. ఆమె మెల్లగా వెళ్లి హాజిరా కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"నాకు ఇష్టమే అమ్మీ. కానీ ఆ మాట ఆయనకు నేను చెప్ప. మీరే చెప్పండి, మీ నోటితో. మీరు చెప్తేనే నిఖా. లేకపోతే లేదు."

హాజిరా ముఖంలో నవ్వు ఆగింది. ఆమె తాహెరా వైపు, పైన వేలాడే హారన్ల వైపు, రోడ్డు వైపు చూసింది. కొడుకు వైపు మాత్రం చూడలేదు. ఆమె చేయి ఎందుకో తాహెరా జుట్టు మీదికి వచ్చి అక్కడే ఆగింది.

"మొండిదానివి," అంది తాహెరాతో. తర్వాత మెల్లగా తల తిప్పింది. మూడేళ్ల తర్వాత కొడుకు కళ్లలోకి చూసి, గట్టిగానే అంది.

"ఏంరా, వినబడ్డదా? పిల్ల ఒప్పుకున్నది. ఇగ నిలబడి ఏడ్వకు. జల్దీ చేతులు కడుక్కొని ఖిచిడీ తిను."